హాఫిజ్ గారి కొత్త పాఠం

గుణదలలో మేం అద్దెకున్న ఇంటి చుట్టుపక్కల వాళ్లకి మా అమ్మ నన్ను పరిచయం చేసే తీరు ఒకటుండేది. "మా అమ్మాయి డాక్టరేనండి, కాని మందులివ్వదు" అనేది. ఆ మాటతో సగం మంది నాకు చదువు సరిగా అబ్బలేదనుకునేవారు. మిగతా సగం మంది అదేదో అణకువ కొద్దీ అన్న మాటనుకుని మోకాళ్ల నొప్పులకి ఏం వాడాలో అడిగేవారు. పీహెచ్‌డీ అంటే ఏమిటో అమ్మకి చాలాసార్లు చెప్పి చూశాను. అదయ్యాక పోస్ట్‌డాక్ అని ఇంకొకటుంటుందని, అది పూర్తిగా చదువూ కాదు పూర్తిగా ఉద్యోగమూ కాదని చెప్పేసరికి ఆమెకి ఓపిక పోయింది. "అయితే ఇంకా అవ్వలేదన్నమాట" అని ఊరుకుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. విజయవాడలో ఒక ఆసుపత్రి వెనక బ్లాకులో, ఎక్స్‌రే గదికి పక్కన మా ల్యాబ్. ల్యాబ్ అంటే రెండు గదులు, ఒక ఏసీ. ఎన్ని మందులు వాడినా మూర్ఛ తగ్గని వాళ్లకి ఆ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, మెదడులో ఫిట్స్ ఎక్కణ్ణుంచి మొదలవుతున్నాయో ఆ చోటు తీసేసేవారు. తీసిన ముక్క ముందు రోగ నిర్ధారణకి వెళ్లేది. మిగిలింది నాకిచ్చేవారు. నేను దాన్ని ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో దిమ్మగా పోసి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు పలకల మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూసేదాన్ని. ఎక్కడ కణాలు చచ్చిపోయాయి, ఎక్కడ బతికున్నాయి, రోగి పడ్డ బాధకీ ఈ చావుకీ లెక్క కుదురుతోందా లేదా అన్నది నా పరిశోధన. చెబుతుంటే గొప్పగానే ఉంటుంది. మే నెల బెజవాడ ఎండలో కరెంటు పోయి, ఏసీ ఆగి, మైనం దిమ్మ మెత్తబడి, కోసిన ప్రతి పొరా ముడతలు పడిపోతుంటే, గేటు బయట జ్యూస్ బండి దగ్గర ఐసు గడ్డ కొనుక్కుని చున్నీలో చుట్టి, అది కారిపోతుండగా పరుగెత్తుకొచ్చేటప్పుడు మాత్రం ఏ గొప్పా కనపడదు.

ఇంటికొస్తే మా అమ్మ నన్ను వీధి గుమ్మంలోంచి రానిచ్చేది కాదు. దొడ్డి వైపు నుంచి వచ్చి, తల మీద నీళ్లు పోసుకుని, అప్పుడు వంటింట్లోకి రావాలి. "శవాలవి కాదే అమ్మా, బతికున్నవాళ్లవే" అన్నాను ఒకసారి. "బతికున్నవాళ్ల మెదడు కోసొచ్చావా? అయితే రెండు చెంబులు ఎక్కువ పోసుకో" అంది. ఇక ఆ విషయం మీద వాదన పెట్టుకోలేదు.

ముక్క నాకివ్వడానికి రోగి ఒప్పుకోవాలి. ఆ అడగడం నా పనే. అలా అడగడానికి వెళ్లినప్పుడే ఆ తండ్రీకొడుకులను మొదటిసారి చూశాను.

వన్‌టౌన్‌లో ఉంటారు. కొడుక్కి పాతికేళ్లు దాటాయి, పెళ్లయింది, ఒక పాప. ఇంటి దగ్గర పిల్లలకి ఖురాన్ కంఠతా నేర్పడం ఆయన వృత్తి. తండ్రి ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవారు. ఇద్దరూ హాఫిజ్‌లే, అంటే ఖురాన్ మొదటి నుంచి చివరి దాకా పుస్తకం చూడకుండా అప్పజెప్పగలరు. వార్డులో అందరూ తండ్రిని పెద్ద హాఫిజ్ గారనీ, కొడుకుని చిన్న హాఫిజ్ గారనీ పిలిచేవారు. నాకూ అదే అలవాటైంది.

చిన్న హాఫిజ్ గారు తండ్రిని "అబ్బా" అని పిలిచేవారు. వాళ్లిళ్లలో నాన్నని అలాగే పిలుస్తారు. కాని మూర్ఛ వార్డులో ఒక మనిషి మంచం మీద నుంచి "అబ్బా" అంటే మన నర్సమ్మలకి వినపడేది వేరు. కాకినాడ నుంచి వచ్చిన ఒక నర్సయితే మొదటి రెండు రోజులూ ఆయన పిలిచిన ప్రతిసారీ "ఎక్కడండీ నొప్పి?" అంటూ పరుగెత్తింది. "నొప్పి కాదమ్మా, నన్నే" అని పెద్ద హాఫిజ్ గారు మంచం అవతలి నుంచి చెయ్యెత్తేవారు. మూడో రోజుకి ఆమె కూడా నవ్వడం మొదలుపెట్టింది.

జబ్బు ఎలా బయటపడిందో పెద్ద హాఫిజ్ గారే చెప్పారు. రంజాన్ నెలలో తరావీ అని రాత్రి పూట ఒక నమాజుంటుంది. ఆ నెల రోజుల్లో ఖురాన్ మొత్తం అందులో చదివి వినిపిస్తారు. చాలా ఏళ్లు ఆయనే చదివారు. గొంతు పాడయ్యాక కొడుకుని ముందు నిలబెట్టి తను వెనక వరసలో నిలబడటం మొదలుపెట్టారు. ముందు చదివేవాడు ఎక్కడైనా తడబడితే వెనక ఉన్నవాడు ఆ మాట అందించాలి. దాన్ని లుక్మా ఇవ్వడం అంటారట. లుక్మా అంటే ముద్ద, మనం నోట్లో పెట్టుకునే అన్నం ముద్ద. నాకా మాట తెగ నచ్చింది. చిన్నప్పుడు ఎక్కాలు మరిచిపోతే మా ఇంట్లో ముద్దలు కాదు మొట్టికాయలు అందేవి.

"ఒక రాత్రి చదువుతా చదువుతా ఆగిపోయాడమ్మా" అన్నారు పెద్ద హాఫిజ్ గారు. "మర్చిపోయాడనుకుని అందించాను. తీసుకోలేదు. మళ్లీ అందించాను. ఊహూ. వెనకాల జనమంతా నిలబడి ఉన్నారు. వీడేమో పెదాలు చప్పరించుకుంటా చొక్కా గుండీ తిప్పుకుంటా నిలబడ్డాడు. కాసేపటికి మళ్లీ చదవటం మొదలెట్టాడు, అదీ ఇంకో చోట నుంచి."

"అప్పుడేం చేశారు?"

"ఏం చేస్తాను, ఇంటికెళ్లాక తిట్టాను. వల్లె వెయ్యటం మానేశావు, బద్ధకం పెరిగిందని. రోజూ తెల్లారుజామున లేపి పాఠం చెప్పించుకున్నాను. ఆ ఏడాదంతా అదే పని. జబ్బుకి పాఠం మందు వేశానమ్మా నేను."

చిన్న హాఫిజ్ గారు పక్కనుంచి, "మంచిదేలే అబ్బా, పాఠం గట్టిపడింది" అన్నారు.

చివరికి ఆటోనగర్‌లో తండ్రికి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి, షెడ్డు ముందు కింద పడి కాళ్లూ చేతులూ కొట్టుకుంటే అందరికీ తెలిసింది. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని మనవాళ్లకొక నమ్మకం కదా. ఇంట్లో అయితే తాళాల గుత్తి కోసం వెతుకుతారు. ఆటోనగర్‌లో ఇనుముకేం కరువు, చుట్టూ ఉన్న షెడ్ల వాళ్లందరూ తలా ఒక స్పానర్ పట్టుకొచ్చారట. వాటిలో ఒకటి తగిలి ముందు పన్ను విరిగింది. ఆయన నవ్వినప్పుడల్లా ఆ విరిగిన పన్ను కనిపించేది, నాకు ఆ స్పానర్ల వాళ్ల మీద ఒళ్లు మండేది.

ఆ తర్వాతి రంజాన్‌కి మసీదు కమిటీ వాళ్లు ఇంటికొచ్చి, టీ తాగి, "ఈసారి రెస్ట్ తీసుకోండి హాఫిజ్ గారూ" అని మర్యాదగా చెప్పి వెళ్లారు. అలా ప్రతి ఏడూ రెస్ట్ ఇస్తూనే వచ్చారు. మందులు మార్చారు, మోతాదు పెంచారు, తగ్గలేదు. ఆపరేషన్ దాకా వచ్చిందందుకే. ఆయనకి కావలసింది ఒక్కటే, మళ్లీ ముందు నిలబడి చదవడం.

చిక్కెక్కడ వచ్చిందంటే, ఆయనకి ఫిట్స్ మొదలయ్యే చోటు ఎడమ చెవికి నేరుగా, మెదడు లోపల ఉంది. మాటల జ్ఞాపకానికి ఆ చోటు ముఖ్యం. ఎప్పుడో నేర్చి బాగా వల్లె వేసిన పాఠం మెదడంతా పరుచుకుని ఉంటుంది, దానికి పెద్దగా భయం లేదు. కొత్తగా విన్న మాట లోపలికి వెళ్లే గుమ్మం మాత్రం అక్కడుంది. జబ్బు ఆ గుమ్మాన్ని అప్పటికే పాడుచేసి ఉంటే, తీసేసినా కొత్తగా పోయేదేం ఉండదు. అది ఇంకా బాగా పనిచేస్తూ ఉంటే మాత్రం, తీసినంత మేరా మరుపు వస్తుంది. ఏది నిజమో తేల్చడానికి ఆపరేషన్‌కి ముందు జ్ఞాపకశక్తి పరీక్ష పెడతారు. కొన్ని మాటలు చదివి వినిపిస్తారు, తిరిగి చెప్పమంటారు, కాసేపయ్యాక మళ్లీ అడుగుతారు.

చిన్న హాఫిజ్ గారికి ఆ పరీక్షలో చాలా తక్కువ వచ్చింది. వారానికొకసారి వచ్చే సైకాలజిస్టు, మాటల జ్ఞాపకం ఇప్పటికే దెబ్బతిని ఉందని చెప్పాడు. మీటింగులో సర్జన్ గారు, పోయేదేం లేదు కాబట్టి నిశ్చింతగా చేయొచ్చన్నారు. నాకూ సంతోషమే అయింది. నా ఫెలోషిప్ గడువు దగ్గరపడుతోంది, చేతిలో ఉన్న ముక్కలు పరిశోధనకి చాలవు, అలాంటి రోగి దొరకడం కష్టం.

ఆ సాయంత్రం సంతకం కోసం వార్డుకి వెళ్లాను. చిన్న హాఫిజ్ గారు కళ్లు మూసుకుని మెల్లగా చదువుతున్నారు. తండ్రి స్టూలు మీద తల వంచుకుని వింటున్నారు. మధ్యలో ఒకచోట తండ్రి వేలెత్తారు. కొడుకు వెనక్కి వెళ్లి ఆ మాటే ఇంకొంచెం సాగదీసి చదివి ముందుకెళ్లారు. నాకు రెండు సార్లకీ తేడా తెలియలేదు. అయ్యాక అడిగితే, "అక్కడ దీర్ఘం కొంచెం తగ్గిందమ్మా" అన్నారు పెద్ద హాఫిజ్ గారు. "కొంచెమే కదండీ" అన్నాను. "కొంచెం తప్పయినా తప్పే కదమ్మా. వినేవాడు వదిలేస్తే ఇంకెవడు చెప్తాడు?" అన్నారు.

అంత పాత పాఠం గుర్తుండటం వింత కాదని నాకు తెలుసు. నన్ను తొలిచింది వేరే సంగతి. నేను అంతకు ముందు రోజు ఒక్కసారి వచ్చి మాట్లాడి వెళ్లాను. చిన్న హాఫిజ్ గారు కళ్లు తెరిచి నన్ను చూడగానే, "డాక్టరే గాని మందులివ్వదని మీ అమ్మగారు అంటారన్నారే, ఆ మేడం కదండీ" అన్నారు. ఆ మాట నేను నవ్వుతూ ఎప్పుడో మధ్యలో అన్నదే. గుమ్మం పాడైన మనిషికి అది లోపలికి ఎలా వెళ్లింది?

సైకాలజిస్టు గదికి వెళ్లి ఆ మాటల జాబితా చూపించమన్నాను. ఎక్కడో ఏ యూనివర్సిటీలోనో ఇంగ్లీషు నుంచి తెలుగు చేయించిన కాగితానికి జిరాక్సుకి జిరాక్సు. చదివి నాకు తల తిరిగింది. ఛత్రం. శకటం. కాసారం. దర్పణం. లేఖిని. కర్షకుడు. పాదరక్ష. గొడుగుని ఛత్రం అనే మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక కృష్ణా జిల్లాలో చూడలేదు. ఉయ్యూరు దగ్గర మా ఊళ్లో చెరకు పండించే మా నాన్నని కర్షకుడా అని పిలిస్తే, ఎవరో పార్టీ వాళ్లు వచ్చారనుకుని బయటికే రాడు. ఇక ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుకుని, చిన్నప్పుడే మదర్సాలో వేసిన మనిషికి ఈ మాటలు చదివి వినిపించి, గుర్తుండలేదు కాబట్టి మెదడు పాడైందని రాశారు. ఛత్రం అంటే ఆయన రైల్వే స్టేషన్ దగ్గర సత్రం అని చెప్పారట. దాన్ని కూడా తప్పుగానే లెక్కేశారు.

నాకు కోపం వస్తే మాట తూలుతుంది. సైకాలజిస్టుతో, "మీకు దర్పణం అంటే ఏంటో తెలుసా?" అన్నాను. "దర్పం లాంటిదే కదండీ" అన్నాడతను. ఇక తిట్టబుద్ధి కాలేదు.

మర్నాడు అతన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. అవే వస్తువులు, మాటలు మాత్రం మార్చాం. గొడుగు, బండి, చెరువు, అద్దం, పెన్ను, రైతు, చెప్పులు. చిన్న హాఫిజ్ గారు కళ్లు మూసుకుని విని, దాదాపు అన్నీ అప్పజెప్పారు, అదీ వరస తప్పకుండా. టీ తాగించి, కబుర్లు చెప్పి, అరగంట గడిచాక మళ్లీ అడిగితే మళ్లీ చెప్పారు. పెద్ద హాఫిజ్ గారు నా వైపు చూసి, "మొన్ననే ఇలా తెలుగులో అడిగితే సరిపోయేది కదమ్మా" అన్నారు.

"మొన్న అడిగింది కూడా తెలుగేనండీ" అన్నాను.

"అవునా? నేను సంస్కృతమనుకున్నా."

నవ్వుతూనే కొత్త మార్కులు పాత కాగితం పక్కన పెట్టుకుని చూశాను. గుమ్మం బాగానే ఉంది. తీస్తే పోతుంది.

సర్జన్ గారు మంచి మనిషి. కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి, తండ్రీకొడుకులను పిలిచి, దాచకుండా చెప్పారు. ఆపరేషన్ చేస్తే ఫిట్స్ ఆగిపోయే అవకాశం ఎక్కువ. పాత పాఠం ఉంటుంది. కొత్త సంగతులు గుర్తుండటం మాత్రం తగ్గుతుంది, ఎంత తగ్గుతుందో ముందుగా చెప్పలేం. వద్దనుకుంటే ఇంకో మందు ప్రయత్నిద్దాం, కాని దాని మీద తనకి పెద్ద ఆశ లేదన్నారు. ఆలోచించుకోవడానికి ఇంటికి పంపారు.

వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు చిన్న హాఫిజ్ గారు నిర్ణయానికొచ్చేసి ఉన్నారు. "నేను నేర్చుకోవాల్సింది నేర్చేసుకున్నాను మేడం" అన్నారు నాతో. "అది ఉంటే చాలు. ఇంక కొత్తగా ఏం నేర్చుకోవాలండీ నేను?"

నాకు చెప్పక తప్పలేదు. కొత్తదంటే పాఠం ఒక్కటే కాదని చెప్పాను. పొద్దున్న ఇంట్లో వాళ్లు ఏం తెమ్మన్నారు, నిన్న ఎవరొచ్చి వెళ్లారు, ఎవరితో ఏమన్నాం, ఎవరి మీద కోపమొచ్చి ఎందుకు పోయింది, ఇవన్నీ కొత్తవే అన్నాను. నా ముక్క చేజారిపోతోందని తెలుస్తూనే ఉంది. అయినా చెప్పాను.

ఆయన ఓపిగ్గా విన్నారు. "అవన్నీ అబ్బా చూసుకుంటారు" అన్నారు.

 సంతకం పెట్టాల్సిన చోట కొడుకు పెట్టాక పెద్ద హాఫిజ్ గారు పెట్టారు.

ఆపరేషన్ రోజున నేను థియేటర్ బయట సీసా పట్టుకుని కూర్చున్నాను. అవతలి బెంచీ మీద పెద్ద హాఫిజ్ గారు పెదాలు కదుపుతూ కూర్చున్నారు. ముక్క నాకు అందగానే ఆయన ముందు నుంచే ల్యాబ్‌కి వెళ్లాలి. సీసా చున్నీ చాటున పెట్టుకున్నాను. ఆయన అది చూశారు, తల పక్కకి తిప్పుకున్నారు. ఎన్నో సీసాలు తీసుకెళ్లాను గాని, ఆ రోజు సిగ్గుపడినట్టు ఎప్పుడూ సిగ్గుపడలేదు.

మర్నాడు ఐసీయూలో కళ్లు తెరిచిన చిన్న హాఫిజ్ గారికి మాట సరిగా రాలేదు. పేరడిగితే చూస్తూ ఉండిపోయారు. వేళ్లెన్ని అంటే చూస్తూ ఉండిపోయారు. సర్జన్ గారి ముఖం కూడా మారింది. మధ్యాహ్నం తండ్రిని లోపలికి పంపారు. నేను అద్దం అవతల నిలబడ్డాను. పెద్ద హాఫిజ్ గారు మంచం దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకున్నారు. కొడుకు పెదాలు తడుపుకుని, "అబ్బా" అన్నారు.

డ్యూటీలో ఉన్న కొత్త నర్సు వెంటనే నొప్పి ఇంజెక్షన్ తీయబోయింది. "వద్దమ్మా, వద్దు" అన్నారు పెద్ద హాఫిజ్ గారు. ఏడుస్తున్నారు. ఆ సాయంత్రానికి కొడుకు ఖురాన్‌లో ఒక చిన్న సూరా, అంటే అధ్యాయం, చదివారట, ఒక్క అక్షరం పోలేదని వార్డంతా చెప్పుకున్నారు. నేను జ్యూస్ బండి దగ్గరికి వెళ్లి మామూలుగా కొనుక్కునే ఐసు కాకుండా పెద్ద గ్లాసు బత్తాయి రసం తాగాను.

కొన్ని వారాలకి ఆయన ముక్క మైక్రోస్కోప్ కింద పెట్టాను. జబ్బున్న చోట కణాలు వరసలు వరసలుగా లేకుండా పోయాయి, పుస్తకాల్లో రాసినట్టే. కాని దాని పక్కనే చాలా దూరం వరకూ కణాలు నిండుగా, బతికి, బాగా ఉన్నాయి. అంత చక్కటి వరసలు నేను చూసిన ముక్కల్లో చాలా కొద్దివాటిల్లోనే ఉన్నాయి. పరిశోధన ప్రకారం అది మంచి ఫలితం. మా ప్రొఫెసర్ గారు భుజం తట్టారు. నేను ఆ పలకని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఛత్రాన్ని గొడుగు చేసి మేం కనుక్కున్నది నిజమేనని ఆ వరసలు చెబుతున్నాయి.

ఆరు నెలల తర్వాత మొదటిసారి చూపించుకోవడానికి వచ్చారు. ఫిట్స్ ఒక్కటీ రాలేదు. ఖురాన్ అలాగే ఉంది. మాటల పరీక్ష పెడితే, గొడుగూ చెరువూ చెప్పి ఆగిపోయారు. అరగంట తర్వాత అడిగితే, "మాటలు చెప్పారా నాకు?" అన్నారు.

పిల్లల పాఠాల దగ్గరే పెద్ద కష్టమొచ్చింది. ఎవరి పాఠం ఎక్కడిదాకా వచ్చిందో నిన్నటిది ఇవాళ గుర్తుండదు. ఎక్కడాపామని పిల్లలనే అడగాలి. పిల్లలు ఊరుకుంటారా, చదవనిది కూడా చదివేశామని చెప్పి నాలుగు పేజీలు దాటేస్తున్నారు. చిన్న హాఫిజ్ గారు ఇదంతా చెబుతూ మొదట నవ్వారు. తర్వాత, పొద్దున్న వంటింట్లో రెండు సంచులు చూశాకే వంకాయలు రెండుసార్లు కొనుక్కొచ్చానని తెలిసిందని, ఇంట్లో ఆమె ఏమీ అనలేదని, అనకపోవడమే ఎక్కువ బాధగా ఉందని చెప్పారు. అంతలో సూటిగా నన్నే అడిగారు. "మీరు చూశారు కదా మేడం, తీసిన ముక్కలో మంచిది కూడా పోయిందా?"

పెద్ద హాఫిజ్ గారు నా వైపు చూశారు. అబద్ధం చెప్పొచ్చని నాకు తెలుసు. అడిగిన మనిషికి నిజం చెప్పడమే మర్యాద అనుకున్నాను. "కొంత పోయిందండీ" అన్నాను.

 ఆపరేషన్ అయ్యాక అందర్నీ అడిగే ప్రశ్నల కాగితంలో చివరిది మిగిలి ఉంది, ఆపరేషన్ చేయించుకున్నందుకు బాధగా ఉందా అని. అడగకపోతే బాగుండేది, అడిగాను. "ఉంది" అన్నారు. "ఫిట్సే నయమండీ. అవి వచ్చి పోయేవి. ఇది పోదు. ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది." టేబుల్ మీద తల పెట్టుకుని ఏడ్చారు. పెద్ద హాఫిజ్ గారు వీపు నిమురుతూ కూర్చున్నారు.

ఆ తర్వాత రంజాన్ వచ్చి వెళ్లింది. మసీదు కమిటీ వాళ్లు మళ్లీ ఇంటికొచ్చి, ఈసారి రెస్ట్ మాట ఎత్తలేదట. నెలంతా చిన్న హాఫిజ్ గారే ముందు నిలబడి చదివారు. ఎక్కడా ఆగలేదు. ఇవన్నీ రెండోసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు పెద్ద హాఫిజ్ గారు చెప్పారు. కొడుకు పక్కన కూర్చుని వింటున్నారు, ముఖం వెలిగిపోతోంది. కొంచెం ఒళ్లు చేశారు. నన్ను పోల్చుకున్నారో లేదో నాకు తెలియలేదు. "నమస్తే మేడం" అని మాత్రం మర్యాదగా అన్నారు.

మాటల పరీక్షలో పోయినసారి కన్నా ఏమంత మెరుగు లేదు. కాగితంలో చివరి ప్రశ్నకి వచ్చాను. ఈసారి అడగడానికి నా నోరు రాలేదు, కాని కాగితంలో ఉంది.

"ఆపరేషన్ చేయించుకున్నందుకు బాధగా ఉందాండీ?"

చిన్న హాఫిజ్ గారు ఆలోచించారు. పరీక్షలో మాట దొరకనప్పుడు వెతికినట్టే వెతికారు. తర్వాత తండ్రి వైపు తిరిగారు.

"పోయినసారి ఏం చెప్పాను అబ్బా?"

పెద్ద హాఫిజ్ గారు నా వైపు చూడలేదు. కొడుకునే చూస్తూ, "లేదన్నావు బేటా" అన్నారు. "చాలా సంతోషంగా ఉందన్నావు." ఆయన గొంతులో తడబాటేమీ లేదు.

"అయితే అదే రాసుకోండి మేడం" అన్నారు చిన్న హాఫిజ్ గారు. "అబ్బా తప్పు చెప్పరు."

పెద్ద హాఫిజ్ గారు వంగి బల్ల కింద చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. చెప్పులు ఆయన కాళ్లకే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు అడిగిన ప్రశ్నకి ఆ రోజు వచ్చిన జవాబు అదే కాబట్టి, నేను అదే రాసుకున్నాను.